ఇరవై నాలుగో సీసా

అన్నం పచ్చబడడానికి నా వంట తీరే కారణమని మా ఇంట్లో ఎనిమిదేళ్లు నమ్మారు.

"సోడా వేసినవా ఏందే అన్నంల?" అని నా భర్త రమేశ్ పెళ్లైన మొదటి నెలలోనే అడిగాడు. లేదన్నాను. మర్నాడు మళ్లీ అడిగాడు. పప్పు ఉడకకపోతే మా అత్తమ్మ నర్సింహమ్మ, బడంగ్‌పేట్ పిల్లకు పప్పు ఉడకబెట్టడం కూడా రాదని ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెప్పుకునేది. బట్టలుతికితే నా వేళ్ల సందుల్లో దురద పుట్టి తోలు లేచిపోయేది. సబ్బు పొదుపుగా వాడితే అదే తగ్గుతుందన్నారు. బోరు నీళ్లలోనే ఏదో ఉందని నేను ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. పుట్టినప్పటి నుంచి ఈ నీళ్లే తాగుతున్నాం, మాకేమైంది అనేవాడు రమేశ్. మాటకు మాట చెప్పడం నాకు వచ్చు గాని, పచ్చటి అన్నం కంచంలో పెట్టి ఎంతసేపని వాదిస్తాను? బియ్యం ఇంకో రెండుసార్లు కడిగేదాన్ని, అవే నీళ్లతో.

మా ఊరు ఇబ్రహీంపట్నానికి నాలుగు కిలోమీటర్లు. గుట్ట వెనక ఒక రంగుల ఫ్యాక్టరీ ఉండేది. నేను కాపురానికి రాకముందే మూతపడింది. పోయేవాళ్లు ఊరికే పోకుండా తమ మడ్డి అంతా అక్కడే గుంటలు తవ్వి పూడ్చిపోయారు. అది మట్టిలోకి ఇంకి, మా బోర్లలోకి చేరిందని చెప్పడానికి హైదరాబాద్ నుంచి ఇంజనీర్లు రావలసి వచ్చింది. వాళ్లలో భవిత అనే అమ్మాయి మా బోరు నీళ్లు గాజుగ్లాసులో పట్టి, వెలుతురుకు ఎత్తి చూసి, వీటితో వండితే అన్నం పచ్చబడుతుందా అని అడిగింది. "అవ్ మేడం, మస్తు పచ్చగైతది" అన్నాడు రమేశ్, అదేదో తానే కనిపెట్టినట్టు. నేను టీ కప్పులు పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాను. ఎనిమిదేళ్ల నింద ఆ పూటతో తేలిపోయింది. కానీ నిన్ను ఉత్తపుణ్యానికి అన్నామని ఆ పూట గాని, ఆ తర్వాత గాని ఒక్కరూ అనలేదు. కోపం రాలేదంటే అబద్ధం. ఆ రోజు టీలో చక్కెర వేయడం మర్చిపోయానని మాత్రం రాత్రి అన్నాల దగ్గర గుర్తుచేశారు.

తర్వాత పనులు మొదలయ్యాయి. చెడిన మట్టిని తవ్వి, టిప్పర్లలో పోసి, టార్పాలిన్ పట్టాలు కప్పి తీసుకెళ్లారు. మా చెలక అంచున ఒక షెడ్డు వేసి మిషన్ పెట్టారు. అది భూమిలోపలి నీళ్లను పైకి లాగి, బొగ్గు నింపిన డ్రమ్ముల్లోంచి పంపి, శుభ్రం చేసి తిరిగి భూమిలోకే వదులుతుంది. మా బోరు మీద 'తాగరాదు' అని ఎర్రరంగుతో రాశారు. ఊళ్లో కమిటీ వేసి రమేశ్‌ను అధ్యక్షుణ్ని చేశారు. నీళ్లు ఎంతవరకు బాగుపడ్డాయో తెలియడానికి మా బోరు నుంచి నెలకొక సీసా ల్యాబుకు పోవాలి. దాన్ని ఎలా నింపాలో కొంగరకలాన్ కలెక్టరాఫీసులో ఒక పూట నేర్పితే రమేశ్ వెళ్లి బిర్యానీ తిని వచ్చాడు. వాళ్లిచ్చిన కాగితం, సీసాల పెట్టె వంటింటి గట్టు మీద పెట్టి, "గిది జర నువ్వు చూస్కో" అన్నాడు.

చూసుకున్నాను. మోటరు వేసి పదిహేను నిమిషాలు నీళ్లు వదిలేయాలి. పైపులో నిలవున్నవి పోయి అడుగు నీళ్లు రావాలి. ఆ నీళ్లతోనే సీసాను మూడుసార్లు కడిగి, లోపల గాలిబుడగ లేకుండా అంచుదాకా నింపి, మూత బిగించి, ఐసు డబ్బాలో పెట్టాలి. పొద్దున ఆరింటికి, మా పాప పూజితకు జడలు వేయకముందే ఆ పని చేసేదాన్ని. నిజం చెప్పాలంటే ఆ పదిహేను నిమిషాలు నాకు ఇష్టంగా ఉండేవి. నీళ్లు పారుతుంటే ఊరికే నిలబడాలి, అదే పని. నీళ్ల రంగు, వాసన నెలనెలా ఎలా మారుతున్నాయో చూసేదాన్ని. మొదట్లో తుప్పువాసన, తర్వాత తర్వాత చాలా తక్కువ. ఆ సంగతి అడిగినవాళ్లు లేరు. తొమ్మిదింటికి భవిత వచ్చి డబ్బా తీసుకునేది. కాగితంలో 'నమూనా తీసినవారు' అన్నచోట రమేశ్ సంతకం చేసేవాడు. అధ్యక్షుడు కదా. నేను దాన్ని పట్టించుకోలేదనే అనుకున్నాను.

అలా ఇరవై మూడు నెలలు. ఇరవై నాలుగో నెల మా చెల్లెలి పురిటికి మూడు రోజులు బడంగ్‌పేట్ వెళ్లాను. సీసా ఎలా నింపాలో రమేశ్‌కు రెండుసార్లు చెప్పి మరీ వెళ్లాను. ఆ నెల ఫలితం వచ్చేసరికి ఊరంతా పండగ. అంతకుముందు నెల కూడా ఉండదగ్గదానికి రెండింతలున్న విషం ఇప్పుడు ఆనవాలుకైనా లేదట. మిషన్ ఆపి సామాను సర్దుకోవచ్చని పైనుంచి మాట వచ్చింది. ఆదివారం పంచాయతీ ఆఫీసు దగ్గర మీటింగు, అధ్యక్షుడికి సన్మానం. నాకూ సంతోషమే, ఎందుకుండదు?

అత్తమ్మ వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ, "చూసినవా సునందా. రెండేండ్లు నువ్వు నింపితే రాలే. నేను ఒక్కపారి నింపితే మంచిగొచ్చింది" అంది.

నువ్వెందుకు నింపావని అడిగాను. రమేశ్‌కు తీరిక లేక ఆమెకు అప్పజెప్పాడట. బోరు మోటరు ఎంతసేపు వేశావని అడిగాను.

"బోరు నీళ్లెందుకు పోస్త బిడ్డా? పట్నం పొయ్యే సీస, పెద్ద పెద్ద సార్లు చూస్తరు. మనింట్లకెళ్లి గా ఖరాబు నీళ్లు పంపుతమా? ఫిల్టర్ క్యాన్‌ల నీళ్లు పోసిన. సీస గుడ మంచిగ తోమిన, సబ్బువెట్టి."

నాకు ముందు నవ్వొచ్చింది. ఆమెను తప్పుపట్టలేకపోయాను. యాభై ఏళ్లుగా ఆమె చేస్తున్నది అదే. మంచిది బయటివాళ్లకు, మాడినది తనకు. గడప దాటి పోయేది ఏదైనా, చారు గిన్నె అయినా సరే, కొంగుతో తుడిచిగాని పంపదు. సీసాను కూడా అలాగే ముస్తాబు చేసి పంపింది. ఆమెతో ఆ మర్యాదలన్నీ చేయించుకున్నవాళ్లు, ఆ సీసా ఎందుకు పోతోందో ఒక్క ముక్క చెప్పలేదు. అందులో నేనూ ఉన్నాను.

నవ్వు ఎంతోసేపు నిలవలేదు. కింది వాడ నుంచి వజ్రమ్మ రెండు బిందెలతో వచ్చింది. వాళ్లకు నల్లా సరిగ్గా రాదు, క్యాన్ నీళ్లు ఇంటిల్లిపాదికీ చాలవు. ఇక మీ బోరు నీళ్లు తాగొచ్చంట కదా, మా కోడలు శివానికి ఏడో నెల, క్యాన్ మోత తప్పుతుందని నవ్వుకుంటూ మోటరు వైపు నడిచింది. నేను బిందె పట్టుకుని ఆపాను. రెండు రోజులు ఆగు పెద్దమ్మా అని, మా క్యాన్‌లో ఉన్న నీళ్లన్నీ ఆ బిందెల్లో వంచాను. ఎందుకు ఆగాలని ఆమె అడిగితే, తర్వాత చెప్తానని ఖాళీ క్యాన్‌కు మూత పెట్టాను. పోసే మనసు లేక అంటున్నాననుకుంది. ఆ చూపుతోనే బిందెలు ఎత్తుకుని వెళ్లిపోయింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఆదివారం పొద్దున రమేశ్ తెల్లచొక్కా ఇస్త్రీ చేస్తూ అంతా చెప్పాను. అతను అద్దంలో మీసం సరిచేసుకుంటూ విన్నాడు. అమ్మ చేసిన పనికి ఒకసారి నవ్వాడు కూడా. వచ్చే నెల మళ్లీ నువ్వే నింపుదువు, చూద్దాంలే అన్నాడు. వచ్చే నెలకు మిషన్ ఉండదన్నాను, వజ్రమ్మ బిందెల సంగతి చెప్పాను. అప్పుడు ఇటు తిరిగాడు.

"కాయిదం మీద నా సంతకమున్నది. ఊరందరి ముంగట నా ఇజ్జత్ తీస్తవా? అయినా నీకెందుకే గీ ఫికరంత, నువ్వేమన్న కమిటీల ఉన్నవా?"

తలుపు దగ్గర అత్తమ్మ నిలబడి ఉంది. తప్పు తనదేనని చెప్తానంది. ఇద్దరినీ నోరు మూసుకోమని చొక్కా తొడుక్కున్నాడు. నేను ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీసి, అది చల్లారేదాకా అక్కడే కూర్చున్నాను. అతనన్నదాంట్లో అబద్ధం లేదు. నేను కమిటీలో లేను. రెండేళ్లు ఆ బోరు పక్కన నిలబడ్డాను గాని, ఏ కాగితంలోనూ లేను. కాగితంలో లేనిదాన్ని కాబట్టి తప్పు నాకు అంటదు, నోరు మూసుకుంటే నాకు పోయేదీ లేదు. శివాని ఆ నీళ్లు తాగుతుంది, అంతే.

మీటింగు పదకొండింటికి. టెంటు వేశారు. కుర్చీల్లో మగవాళ్లు, వెనక గోడ నీడలో మేము. శివాని గోడకు ఆనుకుని, కడుపు మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. వజ్రమ్మ నన్ను చూసి మొహం తిప్పుకుంది. భవిత మైకు తీసుకుని, రెండేళ్లలో ఒక్క నెల కూడా తప్పకుండా ఇరవై నాలుగు నమూనాలు తీసి పంపిన రమేశ్ గారికి ఈ ఊరు రుణపడి ఉంటుందంది. చప్పట్లు కొట్టారు. శాలువా కప్పించుకోవడానికి అతను తల వంచాడు. మిషన్ ఈ సాయంత్రమే ఆపుతున్నామని ఆమె అంటుండగా నేను లేచాను. కుర్చీల మధ్యలోంచి ముందుకు నడుస్తుంటే, కూర్చోమని రమేశ్ కళ్లతోనే చెప్పాడు. వెనక నుంచి ఎవరో నా కొంగు పట్టుకుని లాగారు. చూస్తే అత్తమ్మ. జారిన కొంగును నా భుజం మీదికి సర్ది వదిలేసింది. భవిత మైకు ఇవ్వబోయింది. అక్కర్లేదన్నాను.

"మిషన్ బంద్ చెయ్యొద్దు మేడం. ఇరవై మూడు సీసలు నింపింది నేను, సంతకమే ఆయనది. గీ ఒక్కటే నేను నింపలే."