షలబీ తీసిన నల్లరాయి

అలెగ్జాండ్రియాలో మా బావ రుష్దీ పేరు వినని ఇల్లు తక్కువ. ప్రతి శుక్రవారం పత్రికలో లెక్కల చిక్కుముడులు రాసేవాడు. అక్కడితో ఆగే మనిషి కాదు. చదరంగం, పాత కవిత్వం, కాగితం మడతలు, పేకముక్కల గారడీ, అన్నీ కావాలి ఆయనకి. జనాన్ని మోసం చేసేవాళ్ల గుట్టు విప్పడమంటే మరీ సరదా. దమన్‌హూర్‌లో కొయ్యకుండానే కడుపులో రోగాన్ని రాయి రూపంలో బయటికి తీస్తానని చెప్పుకునే షలబీ గురించి కూడా రాశాడు. రాయి ముందే వేళ్ల సందున ఉంటుందని బొమ్మ వేసి మరీ చూపించాడు.

తర్వాత మా అక్క ఇనాయత్‌కి కడుపులో కేన్సర్ వచ్చింది. డాక్టర్లు చేతులెత్తేశారు. బావ రాయడం మానేసి ఆమె మంచం పక్కనే కూర్చునేవాడు.

ఒక పొద్దున, "ఫిక్రీ, కారు తియ్యరా. దమన్‌హూర్ వెళ్దాం" అన్నాడు.

"షలబీ దగ్గరికా? నువ్వా, బావా?"

"ఇంకెక్కడికి పోను? నువ్వు చెప్పు, అక్కడికే పోతా."

నేను తాళాలు తీసుకున్నాను. అక్కని వెనక సీట్లో పడుకోబెట్టాం.

షలబీ చూడగానే గుర్తుపట్టాడు. "ఓహో, ఉస్తాద్ గారే! పెన్సిల్ తెచ్చుకోలేదా ఈసారి?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. బావ తల దించుకున్నాడు. "తప్పయింది హాజీ. ఆమెని చూడు."

షలబీ అక్క పొట్టకి నూనె రాసి, నొక్కి, ఏదో గొణిగి చెయ్యి ఎత్తాడు. నల్లరాయి! వేళ్ల సందు నుంచి జారడం నాక్కూడా కనబడింది.

అక్క బావ వైపు తిరిగింది. "ఏమండీ, నిజంగా వచ్చిందా?"

"వచ్చింది ఇనాయత్. కళ్లారా చూశాను."

ఆ సాయంత్రం అక్క చాలా రోజుల తర్వాత రెండు ముద్దలు తింది. వారం తిరక్కుండానే పోయింది.

పరామర్శ రోజు ఆనవాయితీ ప్రకారం అందరికీ చక్కెర లేని కాఫీ ఇస్తున్నాం. ఎవరో ఒకాయన బావ పక్కన చేరాడు. "ఉస్తాద్, మా అమ్మాయికి ఆపరేషన్ అన్నారు. అది వద్దనుకుని షలబీ దగ్గరికి తీసుకెళ్తున్నాం. మీ ఆవిడకి ఆలస్యమైపోయింది గానీ, మీ అంతటివారే నిజమని ఒప్పుకున్నారటగా."

"వద్దు! అదంతా మోసం."

"మరి ఆవిడతో అలా ఎందుకన్నారు?"

బావ అక్క మంచం వైపు తిరిగాడు. వచ్చినాయన కప్పు కింద పెట్టి లేచాడు. షలబీ మీద అసూయతో బావ అలా అంటున్నాడనుకున్నాడో ఏమో, మళ్లీ అడగలేదు.

బావ చెప్పులు లేకుండా మెట్లు దిగి పరిగెత్తాడు. "ఆపరేషన్ చేయించవయ్యా! నేను అబద్ధం చెప్పాను!" అని అరుస్తూనే ఉన్నాడు. ఆ మనిషి ఎక్కిన టాక్సీ ఆగలేదు. నేను వెళ్లేసరికి ట్రామ్ పట్టాల పక్కన కూలబడి ఉన్నాడు. ఆ మనిషి పేరేమిటో, ఇల్లెక్కడో మాలో ఎవరికీ తెలియదు.