పాస్టరు గారిని అమ్మిన వాక్యం

సంఘ కార్యదర్శి డేవిడ్‌రాజు నా ప్రూఫును కమిటీ ముందు గట్టిగా చదివాడు: “సంఘ పెద్దలు కొత్త పాస్టరు గారిని అమ్మి గంట కొన్నారు ఆహ్వానించారు.”

కమిటీ నవ్వింది. నేను నవ్వలేదు. స్త్రీల సమాజం వారు వండినప్పుడల్లా పిడికెడు బియ్యం తీసి దాచి, ఆ బియ్యాన్ని అమ్మి గంట కొన్నారని నేను రాశాను. పాస్టరు గారి ఆహ్వానం దాని పై వరుసలోని సంగతి.

“వయసైపోనాది, లీలారాణమ్మా. సెయ్యి జారతాది. వచ్చే ఆదివారం మీ శాంతికుమార్‌కి అప్పగించీండి,” అన్నాడు డేవిడ్‌రాజు.

వజ్రోత్సవ సంచికలో సంఘ చరిత్ర రాసే బాధ్యత నాది. కళాశాలలో చరిత్ర బోధించి విరమించిన నా నుంచి దానిని, జారిందని రుజువు కాని చెయ్యి కారణంగా తీసుకోవడం నాకు సమ్మతం కాదు.

శాంతికుమార్ నా మేనల్లుడు. విశాఖపట్నంలో కంప్యూటర్ ఉద్యోగం. తాను ఆఫీసులో రాతకు వాడే ప్రోగ్రాము, ఎడిటర్‌నే నా ల్యాప్‌టాప్‌లో వేసి, చెయ్యి ఆగగానే రాసినదంతా దానంతట అదే సేవ్ అయ్యేలా అమర్చాడు. శనివారం గజపతినగరం వచ్చి, నా కుర్చీలో కూర్చుని, గాలివానలా ఒక పేజీ కొట్టాడు.

“నాకేటీ అవ్వడం నేదే, అత్తా.”

“నువ్వు ఆగలేదు గనుక.”

“ఎందుకాగాలి?”

“ఆలోచించడానికి.”

వాడితో వచ్చిన చెల్లెలు స్వర్ణది కూడా అదే వృత్తి. సోఫాలో పడి నవ్వింది. “అన్నయ్యా, అత్త దెబ్బేసీసింది సూడు!”

నేను ఒక వాక్యం సగం రాసి చేతులు ఒడిలో పెట్టుకున్నాను. ఎవరూ తాకకుండానే, అక్షరం పడే చోటు చూపే కర్సర్ పై వరుసకు ఎక్కి కూర్చుంది.

“ప్రార్థన పెట్టించమంటావా, అత్తా?” అన్నాడు శాంతికుమార్.

“ముందు ఈ ఎడిటర్‌కు ఏమేమి తగిలించారో చూపించు.”

అలా తగిలించే పనిముట్లను ఎక్స్‌టెన్షన్లు అంటారట. రెండున్నాయి. మొదటిదాన్ని ఆపి, సగం వాక్యం రాసి, చేతులు ఒడిలో పెట్టుకున్నాను. కర్సర్ కదలలేదు. దానిని తిరిగి పెట్టి రెండవదాన్ని ఆపాను. వాక్యం వదిలి కదలలేదు. విడివిడిగా ఇద్దరూ నిర్దోషులు! రెండింటినీ కలిపి పెట్టి, ఈసారి కర్సర్‌ను కాక పేజీ పైభాగాన్ని చూశాను. శీర్షిక కింది ఖాళీ వరుస రెప్పపాటులో మాయమై, రెప్పపాటులో తిరిగి వచ్చింది.

“ఆ ఖాళీని ఎవరు తీస్తున్నారు?”

“నేనే, అత్తా. సేవ్ అయినప్పుడల్లా ఉత్త ఖాళీలు పోవాలని ఒకటి పెట్టేను.”

“తిరిగి ఎవరు పెడుతున్నారు?”

స్వర్ణ నవ్వు ఆగిపోయింది. “నేను. హెడ్డింగ్ కింద కాస్త ఖాళీ నేకపోతే నాకు ఊపిరాడదు.”

“ఒసే, నువ్వా!”

“నువ్వు తీసీసినావనే కదా నేను పెట్టేను!”

మొదటిది ఖాళీని తీయగానే నా వాక్యం ఒక వరుస పైకి జరుగుతుంది. కర్సర్ కూడా దానితోనే వెళుతుంది. రెండవది ఆ వరుస సంఖ్యను గుర్తుపెట్టుకుని, ఖాళీని తిరిగి చేర్చి, వాక్యాన్ని కిందికి దింపి, కర్సర్‌ను మాత్రం పాత సంఖ్య దగ్గరే వదిలేస్తుంది. చూసేవారికి పేజీ యథాతథం. నేను ఆగిన ప్రతిసారీ, నా చరిత్ర గ్రంథంలో ఒక అన్న, ఒక చెల్లెలు దెబ్బలాడుకుంటున్నారు. నాకు నవ్వు వచ్చింది. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నా ఆగలేదు. వాళ్లిద్దరూ నా చెరో భుజం మీద వాలి నవ్వారు.

ఆదివారం ఆరాధన ముగిశాక, దేనినీ మార్చని ఆ ల్యాప్‌టాప్‌ను డేవిడ్‌రాజు ముందు పెట్టాను.

“సగం వాక్యం రాసి, చేతులు కట్టుకుని కాసేపు ఆలోచించండి.”

ఆయన ఆలోచించాడు. మిగిలిన సగం కొట్టాడు. అది వెళ్లి పై వరుస మధ్యలో పడింది.

“నా సెయ్యి జారనేదు!” అని ఆయన కేక పెట్టాడు.

“జారిందని నేను అనలేదే,” అన్నాను.

కమిటీ బల్లలు చరిచి నవ్వింది. డేవిడ్‌రాజు కూడా, కొంత ఆలస్యంగా. చరిత్ర నా దగ్గరే ఉంచారు. రెండు ఎక్స్‌టెన్షన్లనూ అక్కడే తీయించాను. ప్రూఫులు దిద్దే పనిని అన్నాచెల్లెళ్లకు ఇప్పించాను, చెరొక గదిలో.