పిలారమ్మ తిన్న సీతాఫలాలు

ఒకరిని కాపాడడానికి ఇంకొకరు అబద్ధం చెబితే, ఆ పాపం ఎవరిది? చెప్పినవాళ్లదా, నోరు మూసుకుని నిలబడినవాళ్లదా? ముప్పై మూడేళ్లుగా నాకీ సందేహం ఉంది. ఏ ఫాదర్‌నూ అడగలేదు. ఫాదర్ ముందు పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనంలో కూడా, చిన్నప్పుడు ఒక తప్పు జరిగింది అని మాత్రం చెప్పి లేచి వచ్చేదాన్ని. తప్పు దానంతట అదే జరిగినట్టు.

అప్పుడు నేను కామారెడ్డిలో సిస్టర్లు నడిపే హాస్టల్లో ఉండి ఆరో తరగతి చదువుతున్నాను. కోత పండుగకు ఊళ్లవాళ్లు తమ పంటలో మొదటిది గుడికి తెస్తారు. పూజ అయ్యాక దాన్ని వేలం వేస్తారు. ఆ ఏడు గాంధారి నుంచి ఒకాయన గంపెడు సీతాఫలాలు తెచ్చాడు. హాస్టల్ సామాన్ల గదిలో గడ్డి కప్పి మాగబెట్టారు. దేవుడికిచ్చినవాటిని పండుగకు ముందు ఎవరూ ముట్టుకోకూడదు. నేను రెండు రోజుల్లో ఐదు తిన్నాను. గింజలు గోడ వెనక పాతిపెట్టాను.

పెద్ద సిస్టర్ మమ్మల్ని వరుసగా నిలబెట్టి, తిన్నవాళ్లు ఒప్పుకునేదాకా ఎవరికీ అన్నం లేదన్నారు. మధ్యాహ్నం దాటింది. అప్పుడు వంటింట్లోంచి సిస్టర్ పిలార్ వచ్చారు. ఆమెది స్పెయిన్ దేశం. మేం పిలారమ్మ అనేవాళ్లం. తనకొచ్చిన తెలుగులో, "నేను తిన్నది," అన్నారు. పిల్లలు నవ్వారు. ఆమెకు షుగర్ అనీ, చాయ్ కూడా చక్కెర లేకుండానే తాగుతారనీ అందరికీ తెలుసు. మాకు అన్నం పెట్టారు. శిక్షగా వారం రోజులు పిలారమ్మ అందరూ లేచాక ఒక్కరే కూర్చుని తిన్నారు. నేను చూస్తూ ఊరుకున్నాను. ఆమె నన్ను ఒక్క మాట అడగలేదు. ఆ నిజం ఆమెకు బాకీ పడ్డాను. తర్వాత ఆమె వాళ్ల దేశం వెళ్లిపోయారు. నేను పెళ్లి చేసుకుని ఎల్లారెడ్డి వచ్చాను.

ఈ వానాకాలం మా అవ్వ పోయింది. అప్పటి నుంచి ఏదీ నా మనసుకు తగలడం లేదు. ప్రార్థన చేస్తాను, వండుతాను, నా భర్త డేవిడ్‌కు టిఫిన్ కడతాను. ఇప్పుడు ఆ హాస్టల్ చూసుకుంటున్న సిస్టర్ అనిల మా గుడికి వచ్చి, పిలారమ్మ బతికే ఉన్నారనీ, ముసలి సిస్టర్ల ఆశ్రమంలో మంచం పట్టారనీ చెప్పినప్పుడు కూడా నాకు సంతోషం గానీ దుఃఖం గానీ కలగలేదు. తెలుగు, ఇంగ్లిషు రెండూ మరిచిపోయారట. చిన్ననాటి స్పానిష్ ఒక్కటే మిగిలిందట. ఆ భాష వచ్చు కాబట్టి నెలలో మొదటి ఆదివారం సిస్టర్ అనిల ఫోన్లో పలకరిస్తారట.

నేనూ ఒక మాట చెప్పాలన్నాను. అదేమిటో కూడా చెప్పేశాను. ఒక మనిషితో చెప్పడం అదే మొదలు.

"ఐదు ఒక్కదానివే తిన్నవా?" అన్నారు సిస్టర్ అనిల. తర్వాత, తానే చెబుతానన్నారు.

"నేనే చెప్పాలె, సిస్టర్."

క్యాలెండర్ కాగితం వెనక నాకోసం తెలుగు అక్షరాల్లో రాసిచ్చారు. తినడం అన్న మాట, అయిపోయిన సంగతిగా చెప్పాలంటే: కొమీ, నేను తిన్నాను; నేనే అని గట్టిగా చెప్పాలంటే ముందు యో చేర్చాలి. కొమిస్తె, నువ్వు తిన్నావు. కొమియొ, అతనైనా ఆమైనా అంతే. కొమీమొస్, మేం తిన్నాం. కొమిస్తెయిస్, మీరందరూ. కొమియెరొన్, వాళ్లు. రొట్టెలు చేస్తూ, బట్టలు పిండుతూ వల్లించాను. నాలుక మాటిమాటికీ కొమీమొస్ దగ్గరికే పోయేది. పదిమందితో కలిసి తిన్నామంటే తేలిక కదా.

"పదో తరగతిల ఇంగ్లిష్ పోయినదానివి, నీకిదేందే?" అన్నాడు డేవిడ్. నవ్వాలనిపించలేదు.

ఆదివారం బస్సెక్కి కామారెడ్డి వెళ్లాను. సిస్టర్ అనిల ఫోన్‌ను నీళ్ల జగ్గుకు ఆనించి పెట్టారు. తెరమీద తెల్లజుట్టు, పిడికెడంత ముఖం. సిస్టర్ అనిల మాటల్లో కామారెడ్డి, నా పేరు రూత్ అన్నవి వినిపించాయి. పిలారమ్మ ముఖంలో ఏమీ లేదు. సిస్టర్ అనిల చేతులతో పండ్ల గంప చూపిస్తూ, ఎవరో తిన్న సంగతి చెప్పగానే ఆమె కళ్లు కదిలాయి. దిండు మీంచి లేవబోయారు. చెయ్యి గుండెకు ఆనించుకున్నారు.

"యో కొమీ," అన్నారు. మళ్లీ, ఇంకొంచెం గట్టిగా, "యో కొమీ."

సిస్టర్ అనిల నా వైపు చూశారు. తెలుగులో చెప్పనక్కర్లేదు. అన్నీ మరిచిపోయిన మనిషి ఆ నేరాన్ని మాత్రం ఇంకా తన మీదే వేసుకుంటున్నారు, ఎవరి కోసమో తెలియకుండానే.

నేను ఫోన్ దగ్గరికి వంగాను.

"కాదు, పిలారమ్మా. యో కొమీ. నేను. రూత్."

ఆమె తెరలోంచి నన్ను చూశారు. "కొమిస్తె?" అన్నారు. నువ్వా తిన్నది?

"సీ," అన్నాను. అవును, నేనే.

గుండె మీది చెయ్యి దుప్పటి మీదికి దిగింది. ఆమె వెనక్కి వాలి కళ్లు మూసుకున్నారు. అక్కడి సిస్టర్ ఎవరో దుప్పటి సర్ది ఫోన్ పెట్టేశారు. ఏడుపొస్తుందేమోనని నేను కాసేపు కూర్చున్నాను. రాలేదు. కానీ చెప్పాల్సిన మనిషికి చెప్పాను.