ఫొటో కింది మాటలు

పోశమ్మ ఫొటో పేపర్లో పడిందన్న సంగతి సూరత్ శివారు భేస్తాన్‌లో కరోనా కన్నా వేగంగా పాకింది.

అచ్చు పేపరు కాదు, ఆ పేపరు వాళ్ల వెబ్‌సైటు. ఆషాఢం మొదటి ఆదివారం. మూతికి మాస్కు, నెత్తిన వేపమండలు కట్టిన బోనం కుండ, కుండ మీద దీపం. గుంపులు కూడొద్దన్నారని డప్పుల్లేకుండా, జనం లేకుండా ఒక్కతే గల్లీ చివర అమ్మవారి గద్దె దాకా నడిచింది. దారిన పోయే ఫొటోగ్రాఫరుకు అంతకన్నా ఏం కావాలి? ‘రోగం పోవాలని పరప్రాంతపు మహిళ పూజ’ అని శీర్షిక పెట్టారు. పేరు మాత్రం అడగలేదు.

ముప్పై ఏళ్లుగా మరమగ్గాల కార్ఖానాలో బాబిన్లు చుట్టిన పోశమ్మకు గుజరాతీ మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. ఆ గల్లీలో చదవగలిగేది పక్కింటి నీరజ. గుజరాతీ మీడియంలో బి.ఏ. పాసయింది. ఆ డిగ్రీ ఇన్నాళ్లూ కరెంటు బిల్లులు చదవటానికే పనికొచ్చింది.

సోమవారం పొద్దున్నే వచ్చి గడపలో కూర్చుంది పోశమ్మ. “ఫొటో కింద జనం ఏమో రాసిండ్రట గద. జర చదువు బిడ్డా.”

నీరజ ఫోను తెరిచింది. నలభై మూడు కామెంట్లు. మొదటిది పోశమ్మ ఒంటి రంగు గురించి. రెండోది, ఈ నల్లమొహాలే రోగాన్ని మోసుకొచ్చాయని. మూడోది రోడ్డవతలి హౌసింగ్ సొసైటీలో ఉండే హన్సాబెన్‌ది. ‘వీళ్లను రైలెక్కించండి, ఊరు శుభ్రపడుతుంది’ అని రాసింది. పక్కనే ఆమె ఫొటో, ఏదో పెళ్లిలో తీసింది, పళ్లన్నీ కనపడేలా నవ్వుతోంది.

“ఏందే, సప్పుడు చెయ్యవు?”

“మంచిగ రాసిండ్రు పెద్దమ్మా. కుండను ఎంత ముచ్చటగ సింగారించిందో అంటున్నరు.”

“ఎవలు?”

అబద్ధానికి కూడా పేరు చెప్పాల్సి వస్తుందని నీరజ అనుకోలేదు. కళ్ల ముందున్న పేరే నోట్లోంచి జారింది. “గా ఎదురు సొసైటీ హన్సాబెన్.”

పోశమ్మ మొహం విప్పారింది. బోనం అన్నం పంచకుండా తినటం ఆమె ఇంటా వంటా లేదు. అమ్మవారిని మెచ్చుకున్న నోటికి ఆ అన్నం ముద్ద అందాల్సిందే. “వచ్చే ఐతారం రెండో బోనం గద. గామెకు నేనే పోయి ఇచ్చొస్త.”

“రోగం రోజులు పెద్దమ్మా, ఎవరింటికీ పోవద్దంటున్నరు.”

“గేటు కాడ్నే ఇస్తనే. నన్ను మెచ్చుకున్న మనిషి, లోపలికి రానియ్యదా ఏంది?”

ఆ గేటు దగ్గర గిన్నె పట్టుకుని నిలబడ్డ పోశమ్మ నీరజ కళ్లకు కట్టింది. ఆదివారం లోపల ఆ మాటలు అక్కణ్నుంచి పోవాలి, లేదా తను నిజం చెప్పాలి. మొదటిదే తేలికనుకుంది.

పేపరు ఆఫీసుకు ఫోను చేసింది. వెబ్‌సైటు చూసే కీర్తిభాయ్ మర్యాదస్తుడు. “అవి పాఠకుల అభిప్రాయాలు బెన్. మాకు బాధ్యత లేదని పేజీ అడుగున రాసే ఉంది.”

“చూశాను. చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది.”

“మరి ఇంకేం?”

“కీర్తిభాయ్, మా ఆయన కార్ఖానాలో తాకా, అదే బట్ట చుట్ట, బయటికి వెళ్లేముందు పరిచి చూస్తారు. మరక ఉంటే నూలు పంపినవాడిది తప్పు అని సేఠ్ ఊరుకోడు. ముద్ర కార్ఖానాది కాబట్టి. ఈ పేజీ నెత్తిన ఉన్న ముద్ర ఎవరిది?”

అవతల చిన్న నవ్వు. “ఫిర్యాదు ఫారం నింపండి. రోజుకు వేల మాటలొస్తాయి, అన్నీ ఎవరు చూస్తారు?”

నింపింది. మంగళ, బుధ, గురువారాలు గడిచాయి. నలభై మూడు డెబ్బై ఒకటయ్యాయి. రోజూ పొద్దున పోశమ్మ రావటం, నీరజ కొత్త మెచ్చుకోళ్లు కల్పించటం. కతర్‌గామ్ పేట నుంచి ఒకాయన దండం పెట్టాడంది. ఇంకొకామె చీర రంగు అడిగిందంది. ఒక్కొక్క తిట్టునూ తిరగేసి పొగడ్త చేయటంలో చెయ్యి బాగానే తిరిగింది, కానీ రాత్రుళ్లు ఆ తిట్లు అసలు రూపంలోనే గుర్తొచ్చేవి.

శుక్రవారం పేజీని మళ్లీ చూస్తుంటే, పోశమ్మ ఫొటో పైన వంటనూనె ప్రకటన కనపడింది. నీరజ కాసేపు ఆలోచించి, తన పేరుతోనే డెబ్బై రెండో కామెంటు రాసింది: ‘ఈ నూనెలో పూరీలు వేస్తే ఆ వాసనకు మా కుక్క ఇల్లు వదిలి వెళ్లిపోయింది.’

ఆ నూనె ఆమె ఎన్నడూ కొనలేదు. ఇంట్లో కుక్కా లేదు.

ఆరు నిమిషాల్లో ఆ మాట మాయమైంది.

నీరజ మళ్లీ ఫోను చేసింది. “కీర్తిభాయ్, అన్నీ ఎవరు చూస్తారన్నారు కదా. నూనె గురించి రాసింది ఎవరు చూశారు?”

అవతల కీబోర్డు టకటక వినిపించింది.

“ఆరు నిమిషాలు పట్టింది. ఆ పేజీకి రెండు ఫొటోలు తీసి పెట్టుకున్నాను, ఆ మాట ఉన్నప్పటిదీ, పోయాక డెబ్బై ఒకటి మిగిలినదీ. ఆ నూనె డబ్బాకు దక్కిన మర్యాద మా పెద్దమ్మకు ఎప్పుడు దక్కుతుందో చెప్పండి.”

“చూస్తాను బెన్,” అన్నాడతను. ఈసారి నవ్వలేదు.

శనివారం సాయంత్రానికి కామెంట్లన్నీ పోయాయి. క్షమించమన్న ముక్క లేదు, ఎందుకు తీశారో లేదు. ‘వ్యాఖ్యలు మూసివేయబడ్డాయి’ అని మాత్రం ఉంది. నీరజ ఊపిరి పీల్చుకుంది. కానీ పెరట్లో ఆరేసిన బట్టలు తీస్తుంటే, రోడ్డవతల హన్సాబెన్ బాల్కనీ కనపడింది. రేపు పోశమ్మ గిన్నె పట్టుకుని వెళ్లేది అక్కడికే.

ఆదివారం బోనం అయ్యాక పోశమ్మ గిన్నెలో బెల్లం అన్నం, మీద మూత, చేతిలో మాస్కుతో వచ్చింది. “పోయే ముందు ఇంకోపారి వినిపియ్యి, ఆమె ఏం రాసిందో.”

“తీసేసిండ్రు పెద్దమ్మా.”

“మంచిమాటలు ఎందుకు తీస్తరే?”

నీరజకు కల్పించటానికి ఇంకేమీ మిగలలేదు. “మంచివి కావు,” అంది.

పోశమ్మ గిన్నె కింద పెట్టింది. “ఉన్నది ఉన్నట్టు చదువు.”

ఫోన్లో దాచుకున్న పేజీ ఫొటో తెరిచి నీరజ చదివింది. రంగు, రోగం, రైలు. పోశమ్మ మూత మీద వాలిన ఈగను చేత్తో తోలింది.

“పేపరోడు నా మొహం కింద గివి వారం రోజులు పెట్టిండు,” అంది చివరికి. “నువ్వు వారం రోజులు నా చెవుల పూలు పెట్టినవ్. ఇద్దర్ల ఒక్కరన్న నన్నడిగిండ్రా?”

“లేదు పెద్దమ్మా.”

“ఇయ్యాల నన్ను ఆ గేటు కాడికి తోలుతుంటివి.”

నీరజ తల వంచుకుంది.

పోశమ్మ గిన్నె మూత తీసి, ఒక ముద్ద నీరజ చేతిలో పెట్టింది, ఒకటి తను తిన్నది. “కాయితం తియ్యి. నేను చెప్త, నువ్వు గుజరాతీల రాయి. గా పేపరోనికి.”

నీరజ చెయ్యి కడుక్కొచ్చి కూర్చుంది.

“నా పేరు పోశమ్మ. ఫొటో తీసినప్పుడు అడగలె, గందుకే చెప్తున్న. ముప్పయేండ్ల సంది సూరత్‌ల ఉన్న. ఎవల వాకిట్ల తిట్టు పడితే వాళ్లే అడ్డం రావాలె. మీ వాకిట్ల పడ్డది. మీరు తలుపు మూసుకున్నరు. తీసేసినమని సప్పుడు గాకుండ ఉంటె సరిపోదు. తప్పయిందని నా పేరుతోని, గా ఫొటో కింద్నే రాయుండ్రి.”

‘తప్పయింది’ దగ్గర నీరజ కలం ఆగింది. దానికన్నా కాస్త మెత్తటి మాట ఒకటుంది గుజరాతీలో.

అక్షరం ముక్క చదవలేని పోశమ్మ ఆగిన కలాన్ని చూసింది. “ఏమాయె?”

“ఏం లేదు,” అంది నీరజ. చెప్పింది చెప్పినట్టే రాసింది.