మొదటి జవాబు

పాలు పొంగకుండా ఒక కన్ను స్టవ్ మీద వేసి, రెండో కంటితో ఆయన ఆనాటి ప్రశ్నను మళ్ళీ చదువుకుంటున్నాడు. "మా ఇంట్లో ఎవరికి సాయం కావాలన్నా నోరు తెరిచి అడుగుతాం." కింద మూడు గళ్ళు: ఎప్పుడూ, అప్పుడప్పుడూ, ఎన్నడూ లేదు. కష్టం వచ్చినప్పుడు కుటుంబాలు ఎంతవరకు తట్టుకుని నిలబడతాయో కొలిచే ప్రశ్నాపత్రం అది. ఎక్కడో వేరే దేశంలో, వేరే భాషలో పుట్టింది. ఆఫీసులో చదువుకున్నవాళ్ళు దాన్ని మన భాషలోకి దించారు. దించింది జనానికి ఎక్కుతోందో లేదో ఇల్లిల్లూ తిరిగి చూసి రావడం ఆయన పని. వీధిలో అందరూ ఆయన్ని ప్రశ్నలాయన అంటారు. ఇంట్లో అడగడానికి పెళ్ళాం లేక ఊరి మీద పడ్డాడని వెనకాల నవ్వుకుంటారు కూడా.

అన్నయ్య మంచం మీద లేచి కూర్చున్నాడు. కాళ్ళు వాచి ఉన్నాయి. వేలితో నొక్కితే పడిన గుంట అలాగే ఉండిపోతోంది. సూదులు దిగీ దిగీ ఎడమచేతి నరం తాడులా ఉబ్బింది. నిద్ర లేచిన మనిషి ముఖంలా లేదు ఆ ముఖం, రాత్రంతా ఎవరితోనో పోట్లాడి వచ్చినట్టుంది.

"సాయంత్రం నేను రాను రా," అన్నాడు.

వారానికి మూడు సాయంత్రాలు డయాలసిస్. పోయిన వంతు జ్వరం వల్ల తప్పింది. ఇదీ తప్పితే వరసగా రెండోది. అయినా అన్నయ్య రాననడం కొత్తేమీ కాదు. చిన్నప్పుడు అన్నానికి పిలిస్తే ఆకలి లేదనేవాడు. అమ్మ పిలిచి పిలిచి గొంతు పోయాక వచ్చి అందరికంటే ఎక్కువ తినేవాడు. కళ్ళజోడు కొందామంటే వద్దన్నాడు, కొన్నాక ముక్కు మీంచి దించలేదు. ప్రతిదానికీ బతిమాలించుకోవాలి. ప్రతి వంతుకీ తమ్ముడు గడ్డం పట్టుకున్నంత పని చేసి బయల్దేరదీసేవాడు.

ఇవాళ ఆ పని చెయ్యలేదు. ముందురోజు ఆఫీసులో మేడమ్ ఒక మాట చెప్పింది. మొదటి జవాబే జవాబు, పదే పదే అడిగి రాబట్టింది వాళ్ళది కాదు, మీది అని. ఆ మాట ఆయనకు బాగా నచ్చింది. అసలు సంగతి, అలసిపోయాడు. అలసటకు ఒక మర్యాదైన మాట దొరికింది, అంతే.

"ఎందుకలా అనిపిస్తోంది?" అని అడిగాడు, పనిలో అడిగే గొంతుతోనే.

"ఎందుకేంటి? రాబుద్ధి కావట్లేదు."

"సరే అన్నయ్యా. నీ ఇష్టం."

అన్నయ్య తలెత్తి చూశాడు. ఇంకేదో మాట రావాల్సి ఉన్నట్టు చాలాసేపు చూశాడు. తర్వాత పాలగ్లాసు అందుకుని గోడవైపు తిరిగాడు.

మధ్యాహ్నానికి ఆయన ఇస్త్రీ చేసే ఆవిడ ఇంటి వరండాలో ఉన్నాడు. ఆ పనికి కొన్ని కట్టుబాట్లున్నాయి. తల ఊపకూడదు. అయ్యో అనకూడదు. అవతలివాళ్ళు ఏడ్చినా పెన్ను పట్టుకుని కూర్చోవాలి. పాతికేళ్ళుగా ఆయన అలాగే కూర్చుంటున్నాడు.

"ఎప్పుడూ అని వేసుకోండి," అంది ఆవిడ చొక్కా కాలరు తిప్పుతూ.

"ఈ ప్రశ్నలో మీకేమర్థమైందో మీ మాటల్లో చెప్తారా?"

"అర్థమవడానికేముందండీ. మా ఆయన జ్వరమొస్తే చచ్చినా మంచినీళ్ళు అడగడు. వంటింట్లోకొచ్చి గిన్నెలు చప్పుడు చేస్తాడు. నేను లేచెళ్ళి ఇస్తాను."

"అది అడగడమేనా?"

"కాకపోతే?"

గిన్నెల చప్పుడును కూడా అడగడం కిందే వేసుకుంటున్నారు, ప్రశ్న మార్చాలి అని పక్కన రాసుకున్నాడు. ఇక తర్వాతి ప్రశ్నకు వెళ్ళాలి. పెన్ను కదల్లేదు.

"ఎవరైనా వద్దంటేనో?" అన్నాడు. కాగితంలో లేని ప్రశ్న అది. "మందు వద్దు, డాక్టరు వద్దు అంటే?"

ఆవిడ ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. "వద్దన్నారని ఊరుకుంటామా అండీ? ఊరుకున్నామంటే, వీళ్ళకి నేను బరువైపోయానని అనుకోరూ?"

ఆయన కాగితాలు మడిచి లేచాడు. వీధిలోకి వచ్చి అన్నయ్యకు ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. అలిగితే అన్నయ్య ఫోన్ ఎత్తడు. అలిగాడంటే ఫరవాలేదు, అలక తీరిస్తే తీరుతుంది. సాయంత్రం దాకా టైముంది. కాగితాలు ఆఫీసులో పడేసి ఇంటికి పరిగెత్తాలనుకున్నాడు.

ఆఫీసులో మేడమ్‌కు గిన్నెల చప్పుడు తెగ నచ్చేసింది. అందరినీ పిలిచి బల్ల చుట్టూ కూర్చోబెట్టింది. నోరు తెరిచి అన్న మాట తీసేద్దామని ఒకరు, అది తీస్తే అసలు ప్రశ్నే పోతుందని ఇంకొకరు. ఆయన కాగితాలన్నీ పోగుచేసి అంచులు బల్లకేసి టకటకా కొట్టాడు. కుర్చీ వెనక్కి జరిపాడు. సంచి భుజానికి తగిలించుకుని, దగ్గి, మళ్ళీ దించాడు.

"తొందరేం లేదు, కూర్చోండి. టీ వస్తోంది," అంది మేడమ్.

మంచి మనిషే. అన్నయ్యకు బాగాలేదు, వెళ్ళాలి అంటే ఆ నిమిషమే పంపేది. ఆయన అనలేదు. కిటికీలో ఎండ ఎదురు మేడ ఎక్కి, అక్కణ్ణించి కూడా జారిపోయింది. మాటతో గానీ మరో విధంగా గానీ అని ప్రశ్నలో చేర్చాలని తేల్చుకుని అందరూ లేచారు.

ఆయన ఇల్లు చేరేసరికి వంతు దాటిపోయింది. తలుపు గడియ వేసి లేదు. అన్నయ్య గుమ్మానికి ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉన్నాడు. గడ్డం గీసుకున్నాడు. ఉతికిన చొక్కా వేసుకుని మెడ దాకా గుండీలు పెట్టుకున్నాడు. చెప్పులు కూడా తొడుక్కున్నాడు, వాచిన పాదాలు పట్టక పట్టీలు వదిలేశాడు.

"లే అన్నయ్యా, నా మాట విను. ఇప్పుడైనా వెళ్దాం," అన్నాడు చెయ్యి పట్టుకుంటూ. చెయ్యి చల్లగా, బరువుగా ఉంది.

ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు, ఊపిరి లేదు. ఏడుపు రాలేదు. తన మీద తనకు అసహ్యం వేసింది. పొద్దున ఒక్కసారి, ఇంకొక్కసారి రమ్మంటే వచ్చేవాడు. రావడానికే సిద్ధమై కూర్చున్నాడు.

కుర్చీ కాలికి ఆనించి ఆసుపత్రి సంచి ఉంది. అన్నయ్యే సర్దుకున్నాడు. అడుగున ఫైలు, దాని మీద అక్కడి చలికి కప్పుకునే దుప్పటి. అక్కడి మంచాలకు దిండ్లుంటాయి. తమ్ముడు కూర్చునే ఇనప బెంచీకే ఏమీ ఉండదు. దుప్పటి పైన, మడిచి కుక్కిన, అన్నయ్య మంచం మీది దిండు.