రిబ్బన్ కట్టిన ఫ్రీజర్

డీప్ ఫ్రీజర్ బ్యాటరీ అలారం కుయ్యోమంది. శాస్త్రవేత్త టీ కప్పు అక్కడే వదిలేసి పరుగెత్తింది. అంకె మైనస్ అరవై ఆరు. ఉండాల్సింది మైనస్ ఎనభై. యాభైకి వచ్చిందంటే లోపలున్న సూక్ష్మజీవుల కథ కంచికే. ఏ మందుకూ లొంగని క్షయను ఇవి లొంగదీస్తాయని పదకొండేళ్లుగా పెంచుకొస్తోంది. కూతురి పుట్టినరోజు రెండుసార్లు మరిచిపోయింది గానీ, వీటి తేదీలు ఒక్కటీ మరవలేదు.

ప్లగ్గు గోడకే ఉంది. కరెంటే లేదు.

“ఈ వరసకి లైను తీసేశాం మేడమ్,” అన్నాడు నిచ్చెన మీది ఎలక్ట్రీషియన్. “హాల్లో పెద్ద తెరకి లోడు చాలట్లేదు. డైరెక్టర్‌గారి ఆర్డరు.”

ఆ రోజు హాల్లో ‘దేశ పరిశోధన: రేపటి వెలుగు’ సభ. రేపటి వెలుగు కోసం ఇవాళ్టి కరెంటు పీకేశారన్నమాట.

డైరెక్టర్‌ని వెనకాల అందరూ ‘విజన్‌గారు’ అంటారు. ఆయన అద్దంలో టై సవరించుకుంటున్నాడు.

“చూడమ్మా, మంత్రిగారు వచ్చేస్తున్నారు. అర్జీ పెట్టు, సోమవారం చూద్దాం.”

“సోమవారానికి ఫ్రీజర్‌లోది చారైపోతుంది సార్!”

“అయితే పైన అర్జెంట్ అని రాయి.”

తిరిగొచ్చేసరికి మైనస్ అరవై.

“అన్నా, కరెంటు ఎక్కడుంది?”

“స్టేజీ మీద. జనరేటరు దానికొక్కదానికే.”

“దీనికి చక్రాలున్నాయిగా?”

“మేడమ్, నా ఉద్యోగం ఊడుతుంది!”

“మీ నాన్నగారు క్షయ మందులు ఎన్నాళ్లు మింగారన్నా?”

అతను నిచ్చెన దిగాడు.

ఇద్దరూ ఫ్రీజర్‌ని వరండా పొడుగునా తోశారు. మలుపులో ఎండిపోయిన ఫౌంటెన్ అడ్డొచ్చింది. పదేళ్ల కిందట ఎవరో మంత్రి ప్రారంభించింది. నీళ్లు లేకపోయినా కాపలా మనిషి ఉన్నాడు, రాత్రింబవళ్లు లైటూ ఉంది. శాస్త్రవేత్త దాన్ని ఒక్క క్షణం చూసింది. బుర్రలో ఏదో వెలిగింది.

స్టేజీ పక్క తలుపు దగ్గర సెక్యూరిటీ ఆపాడు. “ఏంటిది?”

“రేపటి వెలుగు.”

సెల్యూట్ కొట్టి పక్కకి జరిగాడు.

ప్లగ్గు పెట్టేసరికి మైనస్ యాభై రెండు. మోటారు మూలిగింది. యాభై మూడు. ఆవిడకి ఊపిరి తిరిగొచ్చింది.

“ఈ బీరువా ఎవరు తెచ్చారు? తీసెయ్యండి!” విజన్‌గారు పళ్లు నూరాడు.

అంతలో మెట్ల మీద మంత్రిగారు. శాస్త్రవేత్త పూలబుట్టకున్న రిబ్బన్ లాగి ఫ్రీజర్ పిడికి కట్టేసింది. మంత్రిగారు రిబ్బన్ చూశారు. చెయ్యి దానంతటదే కత్తెర కోసం ముందుకు సాగింది. కత్తెర తేవడంలో ఆ సంస్థ ఏనాడూ ఆలస్యం చేసిందిలేదు. చప్పట్లు మోగాయి.

“ఏమిటయ్యా ఇది?”

“మన భవిష్యత్తే సార్,” రెప్ప వెయ్యకుండా అన్నాడు విజన్‌గారు.

మంత్రిగారు తలుపు తడిమారు. “చల్లగా ఉంది. బావుంది.”

మర్నాటికి ఫ్రీజర్ మీద ఇత్తడి పలక, చుట్టూ తాడు, పక్కన కాపలా మనిషి. అంకె నిక్షేపంగా మైనస్ ఎనభై. శాస్త్రవేత్త చేతి తొడుగులు వేసుకుని, తాళంచెవి తీసుకుని వచ్చింది.

“ముట్టుకోకూడదు మేడమ్. మంత్రిగారు ప్రారంభించింది.”

“లోపలున్నవి నావయ్యా!”

“అయితే అర్జీ పెట్టండి.”

ఆవిడ తొడుగులు విప్పి, అతని దగ్గరే కాగితం అడిగి తీసుకుని, పైన పెద్దక్షరాలతో ‘అర్జెంట్’ అని రాసింది. సూక్ష్మజీవులకేం, పదకొండేళ్లు ఓపిక పట్టాయి. ఇంకో సోమవారం పట్టలేవా?