చేపలు తల తిప్పితే మేం బయటికి

"సముద్రం చూపియ్యి" అని అడిగింది నేనే.

మా పెళ్లయి యాభై రోజులు. మహిపాల్ గల్ఫ్‌కు వెళ్లి పన్నెండు రోజులు. కోరుట్లలో మా మేడ మీద నిలబడి ఫోన్లో సముద్రం చూడటం నాకు రోజూ పండుగే. డిగ్రీలో చదివిన ఆటుపోట్లు మా ఆయన కాళ్ల దగ్గరే వచ్చిపోతుంటే, గోరంత పీతలు బురదలో ఉరుకుతుంటే చప్పట్లు కొట్టేదాన్ని. "నువ్వు గిట్ల నవ్వితే నేను పనెట్ల జేయాలె?" అనేవాడు.

ఆ రోజూ నవ్వుతూనే ఉన్నాను. అతని వెనుక, వంద గజాల దూరంలో, అతనితో పనిచేసే కొమురెల్లి మామ నడుము లోతు నీళ్లలో ఉన్నాడు.

తీరం నుంచి సముద్రంలోకి కర్రలతో, తీగ వలతో దడి కడతారు. నీళ్లు తగ్గేటప్పుడు చేపలు ఆ దడి వెంటే పోయి, చివరన ఉన్న గుండ్రటి గదిలో చిక్కుతాయి. అప్పుడు మనుషులు నడిచి వెళ్లి చేతివలతో తోడాలి. నీళ్లు మళ్లీ ఎప్పుడు వస్తాయో కనిపెట్టడం అందరికీ నేర్పింది కొమురెల్లి మామే. చందుర్తి మనిషి. సిరిసిల్లలో ఇరవై ఏళ్లు సాంచలు, అంటే మరమగ్గాలు, నడిపాడు. పోగు తెగితే చప్పుడును బట్టే చెప్పేవాడట. ఇక్కడ అతను నేర్పిన గుర్తు ఇదీ: గదిలో చేపలు అటూ ఇటూ తిరుగుతున్నంతసేపు భయం లేదు. అన్నీ ఒక్కసారిగా సముద్రం వైపు తల తిప్పాయంటే పోటు మొదలైనట్టే. గాలి ఉన్న రోజు ఫోన్లో చూపే సమయం కన్నా ముందే తిప్పుతాయి.

ఆ రోజు గాలి ఉంది. మామ చెయ్యెత్తాడు. "తల తిప్పినయ్! అస్తున్న!"

జీపులో కూర్చున్న ఫోర్‌మన్ హిందీలో అరిచాడు. గది ఖాళీ చేశాకే రావాలట.

మామ ఫోర్‌మన్ మాట విన్నాడు. ఇంకో నాలుగు వలలు తోడాడు. అప్పటికి వెనక్కి వచ్చే దారి మెడ లోతయింది. మన చెరువుల మనిషి ఎవరైనా చేసే పనే చేశాడు. ఎదురుగా కనిపించిన ఇసుక మిట్ట ఎక్కాడు. చెరువులో మిట్ట ఎక్కినవాడి వెంట నీళ్లు పైకి రావు. సముద్రం ముందు మిట్టకూ ఒడ్డుకూ మధ్య పల్లం నింపింది. తర్వాత మిట్ట ఎక్కింది.

"పడవ తాళం ఇయ్యి!" తోటి పనివాడు జగిత్యాల ఇర్ఫాన్ ఫోర్‌మన్ చెయ్యి పట్టుకున్నాడు. పడవ నిండా మంచు, చేపలు. ముందు అవి లారీకి ఎక్కించమన్నాడు ఫోర్‌మన్. మహిపాల్ పరుగెత్తుతున్నాడు. ఫోన్లో నాకు ఆకాశం, బురద, అతని కాలు. ఒక్కసారి మిట్ట. తర్వాత అంతా నీళ్లే. మేడ మీద నుంచి "మామా, మామా" అని అరిచాను. ఎవరికి వినపడాలని?

మర్నాడు శవం దడికే తగిలి దొరికింది.

మూడో రోజు జగిత్యాలలో ఏజెంటు ఆఫీసుకు పోయాం. మామ భార్య దేవమ్మ, చందుర్తి ఆడవాళ్లు, నేను. బల్ల మీద ఆరు పాస్‌పోర్టులు. వాటి తాలూకు మేడిపల్లి కుర్రాళ్లు బ్యాగులతో గోడ పక్కన కూర్చున్నారు. మర్నాడే విమానం. అదే దడి మీద పనికి.

ఏజెంటు కాగితం తోశాడు. "ఏలిముద్ర ఎయ్యి అవ్వా. అక్కడ తోటి పనోళ్లు పదకొండు మంది సాక్షి సంతకాలు పెడ్తరు. వారంల శవం ఇంటికస్తది. లేకుంటే గాడనే ఉంటది."

"సదువు బిడ్డా" అంది దేవమ్మ.

చదివాను. ఫోర్‌మన్ మాట వినకుండా తనే లోతుకు పోయి మునిగాడని ఉంది.

"అస్తున్ననని చెయ్యెత్తిండు గదా? నువ్వు సూసినవ్ గదా?"

"చూసిన అత్తమ్మా."

ఫోన్లో మహిపాల్‌ను పిలిచాను. పదకొండు మందీ ఒడ్డునే ఉన్నారు. వలలు చేతుల్లో ఉన్నాయి. నీళ్లు తగ్గుతున్నాయి.

"సంతకం పెట్టి మనిషిని పంపుదాం" అన్నాడు వాళ్లలో ఒకడైన ప్రభుదాస్. "సచ్చినోనికి నిజమెందుకురా?"

"రేపు నువ్వు సస్తే గిదే కాగితం. పేరొక్కటి మారుస్తరు" అన్నాడు ఇర్ఫాన్.

"మనం పని మానేస్తే జైల్లేస్తరు!" అన్నాడు ప్రభుదాస్.

"దిగితే ముంచుతరు!"

"ఆగుండ్రి" అన్నాడు మహిపాల్. "అత్త చెప్పాలె. గా మనిషి ఆమె మనిషి."

అందరం దేవమ్మ వైపు చూశాం. నేను ఫోన్ ఆమె ముందు పెట్టాను.

ఏజెంటు నవ్వాడు. "మొగని మొకం జూసుకుంటవా, మీటింగు పెడ్తవా?"

"మొకం జూడాలె" అంది దేవమ్మ. కాగితం అతని వైపే తోసింది. "మాట ఇనలేదని రాసినవ్. ఇన్నడు. ఇన్నందుకే సచ్చిండు. గట్ల రాయి, ఏలిముద్ర ఏస్త."

ఫోన్లో ఒక వల కింద పడ్డ చప్పుడు. మరొకటి. ప్రభుదాస్ అందరికన్నా చివర పడేశాడు, తిట్టుకుంటూ. ఇర్ఫాన్ ఫోర్‌మన్‌తో అంటున్నది వినిపించింది. "చాపలు తల తిప్పితే మేం బయటికి! గిది రాసియ్యి. అప్పటిదాంక దడిలకు ఎవ్వడు దిగడు."

అరగంట గడిచింది. సముద్రం పూర్తిగా తగ్గింది. గది నిండా చేపలు కొట్టుకుంటున్నాయి. ఒక్కరూ దిగలేదు.

"వందనా, పోలీసులచ్చిండ్రు" అన్నాడు మహిపాల్. "ఏడ్వకు. అందరం ఒక్కటే బండిల..."

కట్టయింది.

"అయిపాయె గదా?" ఏజెంటు గోడ వైపు చెయ్యి చూపాడు. "రేపు గీళ్లు దిగుతరు."

గోడ పక్క నుంచి దావీదు అనే కుర్రాడు లేచాడు. "గా కాగితం మల్లొకసారి సదువు అక్కా."

చదివాను. చివరిదాకా చదివాను. అతను బల్ల మీది నుంచి తన పాస్‌పోర్టు తీసుకున్నాడు. "ఏయ్, టికెట్ అయింది!" అని ఏజెంటు లేచాడు. ఇంకో చెయ్యి వచ్చింది. ఇంకోటి. ఐదు పోయాయి. ఆరోవాడు తల వంచుకుని కూర్చునే ఉన్నాడు. వాడిని ఎవరూ తిట్టలేదు.

శవం ఎప్పుడొస్తుందో తెలియదు. మహిపాల్‌ను ఎక్కడికి తీసుకుపోయారో తెలియదు. కాగితం మార్చేదాకా లేవనని దేవమ్మ వెళ్లి ఆఫీసు గడప మీద అడ్డంగా కూర్చుంది. మేం ఆమె చుట్టూ కూర్చున్నాం. దావీదు తన బ్యాగు ఆమె వీపుకు ఆనించాడు. నేను మహిపాల్ నంబరుకు చేస్తూనే ఉన్నాను. మోగుతోంది.